దిగువ ఒడ్డు నుంచి

బడి కడుతుంటే ఊరంతా వచ్చి చూసిపోతుంది. గుడి కడుతుంటే గోడ ఎంత లేచిందో దారినపోయేవారు కూడా చెబుతారు. మురుగునీటి శుద్ధి కేంద్రం కడుతుంటే మాత్రం రేకుల దడి వెనక ఏం జరుగుతోందో తొంగి చూసేవారు ఉండరు. స్థలం ఫలానా చోట అని తెలియగానే ‘మా కాలనీ పక్కన వద్దు’ అంటూ బ్యానర్లు మాత్రం లేస్తాయి. ఆ భయాన్ని తప్పుపట్టలేం. పాత కేంద్రాల పక్కన బతికినవారికి ఆ వాసన తెలుసు. అయినా ఒక్క మాట ఆలోచించాలి. నగరం కట్టుకునే రోడ్లు, వంతెనలు, మెట్రో అన్నీ నగరవాసులు వాడుకోవడానికే. ఈ కేంద్రంలో బాగుపడిన నీళ్లు మాత్రం కట్టినవాళ్ల దగ్గర ఆగవు. దిగువకు పోతాయి. దిగువ ఊళ్ల చెరువుల్లో చేరతాయి, పొలాల్లో పారతాయి, బావుల్లోకి ఇంకుతాయి. అందుకే ఈ కట్టడం ఎంతవరకు వచ్చిందన్న ప్రశ్న నగరానిది ఎంతో, నగరం దాటాక ఉన్న పల్లెలది అంతకంటే ఎక్కువ.

హైదరాబాద్ సంగతే తీసుకుందాం. 2021లో నగరానికి కొత్తగా 31 శుద్ధి కేంద్రాలు కట్టాలని నిర్ణయించారు. వాటి మొత్తం సామర్థ్యం రోజుకు దాదాపు 126 కోట్ల లీటర్లు, అంచనా వ్యయం 3,866 కోట్ల రూపాయలు. అప్పటికి నగరంలో 25 కేంద్రాలుండేవి. వాటి సామర్థ్యం 77 కోట్ల లీటర్లు. నగర పరిధిలో రోజూ పుట్టే మురుగు 165 కోట్ల లీటర్లని అప్పటి అధికారుల లెక్క. అంటే సగానికి పైగా మురుగు ఏ శుద్ధీ లేకుండా నాలాల్లోంచి చెరువుల్లోకి, అక్కడి నుంచి మూసీలోకి పోయేదన్నమాట. దీన్ని సరిదిద్దాలని మూడు ప్యాకేజీలుగా పనులు మొదలుపెట్టారు. నాగోలులో 32 కోట్ల లీటర్లది, అంబర్‌పేటలో 21 కోట్ల లీటర్లకు పైబడినది, ఫతేనగర్‌లో 13 కోట్ల లీటర్లు దాటినది పెద్దవి. కాలనీల మధ్య, చెరువుల అంచున వచ్చేవి చిన్నవి. 2023 జులైలో కోకాపేటలో కోటిన్నర లీటర్ల కేంద్రం, సెప్టెంబరులో దుర్గం చెరువు దగ్గర 70 లక్షల లీటర్ల కేంద్రం ప్రారంభమయ్యాయి. తక్కినవి అనుకున్న గడువులు దాటి, ఒక్కొక్కటిగా సాగాయి.

జాప్యం గురించి కోపం ఉండాల్సిందే. కానీ ఈ పనిని దగ్గరగా చూస్తే, కాంక్రీటు గోడల శాతాన్ని బట్టి లెక్క తేల్చడం ఎంత అసంపూర్ణమో తెలుస్తుంది.

ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద వేల మందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను ఆపడానికి ఎగువన జలాశయాలు కట్టాలని ఆయన చెప్పారు. ఆ సూచనల ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్. ఈ సంగతి చాలామందికి తెలుసు. ఆయన మురుగు కాలువల గురించి కూడా అంతే పట్టుదలగా చెప్పారని, ఆ పని కోసమే 1922లో మళ్లీ హైదరాబాద్ వచ్చారని తెలిసినవారు తక్కువ. వరద నుంచి కాపాడితే సరిపోదని, రోజువారీ మురుగు నుంచి కూడా నగరాన్ని కాపాడాలని ఆ ఇంజనీరు మనసుకు తట్టింది. 1931 నాటికి వేసిన భూగర్భ మురుగు వ్యవస్థ 54 చదరపు కిలోమీటర్లకు, నాలుగు లక్షల 68 వేల మందికి సరిపోయేలా వేసినది. నగరం దాన్ని ఎన్నో రెట్లు దాటిపోయింది. పాత పైపులు మాత్రం దశాబ్దాల పాటు కొత్త పేటల భారాన్ని కూడా మోశాయి. మోయలేనిచోట మురుగు వాననీటి నాలాల్లోకి దారి మళ్లింది. వాన కోసం తవ్విన కాలువ ఏడాది పొడుగునా మురుగు మోసే స్థితికి వచ్చింది. చెరువు నుంచి చెరువుకు నీళ్లు తీసుకెళ్లే గొలుసుకట్టు వాగులు ఇప్పుడు మోరీలయ్యాయి.

మూసీ కోసం ఇదివరకు కూడా ప్రయత్నం జరిగింది. జాతీయ నదుల పరిరక్షణ పథకం కింద అంబర్‌పేట, నాగోలు, అత్తాపూర్, నల్లచెరువు దగ్గర నాలుగు కేంద్రాలు కట్టారు. ఆ నాలుగింటి సామర్థ్యం కలిపి రోజుకు 59 కోట్ల లీటర్లు. అంబర్‌పేటది ఒక్కటే 33.9 కోట్ల లీటర్లు. అక్కడ వాడిన పద్ధతిలో గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులు మురుగును తింటాయి. కరెంటు ఖర్చు తక్కువ, గ్యాసు కూడా వస్తుంది. అయితే అలా బయటికొచ్చిన నీటిని మళ్లీ శుభ్రం చేయాలి, వాసనను అదుపు చేయడం కూడా కష్టం. కొత్తవాటిలో ఎక్కువ భాగం ఎస్‌బీఆర్ పద్ధతివి. అంటే ఒకే తొట్టిలో విడతలు విడతలుగా నీళ్లు నింపి, గాలి ఊది, ఆపి, అడుగున బురద పేరుకున్నాక పైన తేటను తీసేసే పద్ధతి.

ఈ పద్ధతి వెనక ఒక మంచి కథ ఉంది. ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు 1914లో తమ ప్రయోగం గురించి చెప్పారు. సీసాలో మురుగు పోసి గాలి ఊదుతూ పోతే పూర్తిగా శుభ్రపడడానికి మొదట అయిదు వారాలు పట్టింది. అప్పుడు వారు అడుగున మిగిలిన గోధుమరంగు బురదను పారబోయలేదు. తేటను తీసేసి, అదే బురద మీద కొత్త మురుగు పోశారు. మళ్లీ గాలి ఊదారు. ఇలా చేస్తూ పోతే చివరికి అయిదు వారాల పని ఒక్క రోజులో అయింది. ఆ బురదంతా ప్రాణమున్న జీవుల సమూహమని, అది కడుపు నిండా తిని పెరుగుతోందని అప్పుడు తెలిసింది. ప్రపంచంలోని ఎన్నో నగరాలు ఈ వందేళ్లలో ఈ ఒక్క పరిశీలన మీద ఆధారపడే తమ మురుగును కడుక్కున్నాయి.

మన కొత్త కేంద్రాల నిర్మాణంలో అసలైన ఘట్టం కూడా ఇదే. తొట్టెల గోడలు లేచాక వాటిలో మంచినీళ్లు నింపి కొన్ని రోజులు ఉంచుతారు. మట్టం దిగుతోందా, గోడకు చెమ్మ పడుతోందా అని చూస్తారు. కారుతుంటే మళ్లీ రిపేరు, మళ్లీ నింపడం. తర్వాత మురుగు చేరే లోతైన బావి. దాన్ని వెట్‌వెల్ అంటారు. ఊళ్లోని పైపులన్నీ వాలును నమ్ముకుని వచ్చి చేరే చోటు కాబట్టి ఆ బావి భూమిలోకి చాలా లోతుకు పోతుంది. హైదరాబాద్ రాతినేల మీద అది తేలికైన పని కాదు. తర్వాత జల్లెడలు. గుడ్డపీలికలు, ప్లాస్టిక్ సంచులు, సబ్బు రేపర్లు, తల వెంట్రుకలు, పండగ రోజు పూలదండలు అన్నీ ఇక్కడ చిక్కుకుంటాయి. తర్వాత ఇసుక దిగే తొట్టి. ఆ తర్వాత గాలి ఊదే బ్లోయర్లు, తొట్టి అడుగున పరిచిన, గాలిని బుడగలుగా వదిలే డిఫ్యూజర్ల వరసలు. యంత్రాలు బిగించి, కరెంటు ఇచ్చి చూస్తారు. ఇక్కడికి వచ్చేసరికి వార్తల్లో నూరు శాతం పూర్తయిందని వస్తుంది. రిబ్బను కూడా కత్తిరించవచ్చు.

కానీ అప్పటికి ఆ కేంద్రంలో ప్రాణం లేదు. నడుస్తున్న మరో కేంద్రం నుంచి బురదను ట్యాంకర్లలో తెచ్చి ఈ తొట్టెల్లో పోస్తారు. పాలకు తోడు పెట్టినట్టే ఇదీ. తోడు మంచిదై ఉండాలి, తొట్టి దానికి తగినట్టుండాలి, వచ్చిన మురుగు దాని ఒంటికి పడాలి. అప్పుడు రోజులు, వారాలు గడిచేకొద్దీ జీవులు పెరుగుతాయి. గాజు జాడీలో కలిపి కదపకుండా ఉంచిన బురద ఎంతసేపటికి ఎంత దిగుతోందో రసాయన నిపుణుడు రోజూ చూసి రాసుకుంటాడు. బాగా దిగితే సంతోషం. తేలితే, నురగ పడితే, రంగు నల్లబడితే కారణం వెతకాలి. ఎక్కడో ఒక కార్ఖానా రాత్రి పూట డ్రైనేజీలోకి వదిలిన రసాయనం ఆ జీవులను చంపి ఉండవచ్చు. కరెంటు పోయి గంటల తరబడి గాలి అందక అవి నీరసించి ఉండవచ్చు. కేంద్రం వాడే కరెంటులో సగానికి పైన ఈ గాలి ఊదడానికే పోతుంది. బిల్లు తగ్గించుకోవాలని బ్లోయర్లు ఆపితే బయట ఎవరికీ కనబడదు. గోడలు అలాగే ఉంటాయి, బోర్డు అలాగే ఉంటుంది, నీళ్లు లోపలికి వస్తాయి, బయటికి పోతాయి. శుద్ధి మాత్రం ఉండదు.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్క చూడండి. దేశంలోని పట్టణాల్లో రోజూ 7,236 కోట్ల లీటర్ల మురుగు పుడుతోంది. దాన్ని శుద్ధి చేయడానికి కట్టిన కేంద్రాల సామర్థ్యం 3,184 కోట్ల లీటర్లు. నిజంగా శుద్ధి అవుతున్నది 2,023 కోట్ల లీటర్లు. కట్టినదానిలో మూడోవంతుకు పైగా పని జరగడంలేదు. కొన్ని ఆగిపోయాయి, కొన్నింటికి తగినంత మురుగు చేరలేదు. మురుగు పొంగుతున్న దేశంలో శుద్ధి కేంద్రానికి మురుగు చేరలేదనడం విచిత్రంగా తోస్తుంది. కానీ చాలా ఊళ్లలో ముందు కేంద్రాన్ని కట్టి, పైపులైన్లు తర్వాత చూద్దామనుకున్నారు. ఇంటి నుంచి వీధి లైనుకు, వీధి లైను నుంచి ట్రంక్ లైనుకు, అక్కడి నుంచి కేంద్రానికి కలపకపోతే ఆ తొట్టెలు ఆకలితో పడి ఉంటాయి. హైదరాబాద్‌లో కొత్తగా కలిసిన శివారు మున్సిపాలిటీల్లో ఇప్పటికీ వేలాది ఇళ్లు సెప్టిక్ ట్యాంకుల మీదే ఆధారపడ్డాయి. అవి నిండినప్పుడు వచ్చే ట్యాంకరు ఆ మలబురదను ఎక్కడ పారబోస్తుందో ఇంటివాళ్లు అడగరు. అడగాలి.

అందుకే పురోగతి శాతాలు చదివేటప్పుడు మూడు విషయాలు పక్కపక్కన పెట్టుకుని చూడమని మనవి. ఎన్ని ఇళ్లు పైపుతో కలిశాయి, ఎన్ని నాలాల నోళ్ల దగ్గర మురుగును ఆపి కేంద్రం వైపు మళ్లించారు, కేంద్రం నుంచి బయటికొచ్చే నీరు ఏ మేరకు శుభ్రంగా ఉంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఇందుకు బీఓడీ అనే కొలత ఉంది. నీటిలోని మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ప్రాణవాయువు కావాలో అది చెబుతుంది. ఇళ్ల నుంచి వచ్చే మురుగులో సాధారణంగా లీటరుకు 200 మిల్లీగ్రాముల పైమాటే. శుద్ధి తర్వాత మహానగరాల్లో 20కి, మిగతా చోట్ల 30కి మించకూడదని 2017లో కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ ఇచ్చింది. ఇది చాలదని, 10 ఉండాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్‌లో చెప్పింది. 10కీ 30కీ తేడా నగరంలో ఎవరికీ తెలియదు. దిగువన నీళ్లలో దిగి నాటు వేసే మనిషి కాళ్లకు తెలుస్తుంది.

దిగువకు వెళదాం. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ దాటాక పీర్జాదిగూడ, ప్రతాపసింగారం, ఎదులాబాద్, వలిగొండల మీదుగా సాగి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నది పొడుగునా కత్వలు ఉన్నాయి. అడ్డంగా కట్టిన ఆ చిన్న ఆనకట్టలు నీటి మట్టం పెంచి, కాలువల ద్వారా చెరువులను నింపుతాయి. వందల ఏళ్లుగా ఆ కత్వల కింద వరి పండుతోంది. ఎండాకాలంలో నదికి పైనుంచి సొంత నీళ్లు రావు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జంట జలాశయాలు నగరం తాగునీళ్ల కోసం నీటిని పట్టి ఉంచుతాయి. ఏప్రిల్, మే నెలల్లో మూసీలో పారేది దాదాపు పూర్తిగా నగరం వాడి వదిలేసిన నీరే. మూసీ పల్లెల్లో పెద్దవాళ్లు చిన్నప్పుడు ఇసుకలో చెలమ తీసి తాగామని చెబుతారు. ఆ మాట చెప్పేటప్పుడు వాళ్ల గొంతులో ఫిర్యాదు కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. తమ జీవితకాలంలోనే ఒక నది ఇలా మారిపోయిందా అన్న ఆశ్చర్యం.

ఆ నీళ్లతోనే వాళ్లు బతుకుతున్నారు కూడా. నగరానికి దగ్గరలో నది అంచున వరి బదులు పశువుల గడ్డి వేశారు. ఒక్కసారి నాటితే ఏళ్ల తరబడి కోతకొచ్చే గడ్డి అది. తెల్లవారుజామున కోసి, మోపులు కట్టి, నగరంలోని గడ్డి మార్కెట్లకు తెస్తారు. దాన్ని తిన్న బర్రెల పాలు నగరంలోని ఇళ్లకే చేరతాయి. ఇంకా దిగువన వరి వేసినవారికి ఎరువు అక్కరలేనంతగా పైరు ఏపుగా పెరుగుతుంది. కానీ ఆ ఏపు గింజలోకి రాదు. పైరు పడిపోతుంది, తాలు ఎక్కువ. మడిలో దిగినవారికి కాళ్లూ చేతులూ దురద. కూలికి రావడానికే జంకుతారు. బావినీళ్లు తాగలేక క్యాన్ల నీళ్లు కొనుక్కునే ఊళ్లు ఎన్నో. మనం వంటింట్లో గిన్నె కడిగి వదిలిన నీటికి ఇంత పెద్ద చిరునామా ఉందని మనం ఎప్పుడూ అనుకోం.

ఈ రైతుల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. నీళ్లు బాగుపడగానే వాటికి కొత్త గిరాకీ వస్తుంది. పరిశ్రమలు, నిర్మాణాలు, పార్కులు, నది అందాల ప్రణాళికలు వస్తాయి. శుద్ధి చేసిన నీటిని మళ్లీ వాడడం మంచిదే. మంచినీళ్లు ఆదా అవుతాయి. చెన్నైలో కొడుంగైయూర్, కోయంబేడు దగ్గర ఇలాంటి నీటిని మరింత శుద్ధి చేసి పరిశ్రమలకు ఇస్తున్నారు. కానీ దశాబ్దాల పాటు మన మురుగును భరించిన పొలాలకు, నీళ్లు మంచివయ్యే రోజున మొదటి హక్కు ఉండాలి. మురికి ఉన్నంతకాలం వాళ్లకు వదిలి, తేటపడిన తర్వాత ఇంకొకరికి అమ్ముకోవడం అన్యాయం. కొత్త కేంద్రాల ఒప్పందాల్లో, పునర్వినియోగం లెక్కల్లో కత్వల కింది ఆయకట్టుకు ఎంత నీరు ఏ నెలలో వదలాలో ముందే రాసిపెట్టాలి.

నమ్మకం గురించి కూడా ఒక అనుభవం ఉంది. బెంగళూరులోని కోరమంగల–చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన నీటిని 2018 నుంచి కోలారు జిల్లా చెరువులకు పంపుతున్నారు. ఆ పథకం లక్ష్యం రోజుకు 44 కోట్ల లీటర్లు, నూరుకు పైగా చెరువులు. తెలుగు మాట ఇంటింటా వినబడే జిల్లా అది. కరువుతో బోర్లు ఎండిన నేల. నీళ్లు వచ్చిన కొత్తలోనే చెరువులో నురగ తేలింది. జనం భయపడ్డారు, విషయం కోర్టులకెక్కింది, నీళ్లు ఆగాయి, మళ్లీ వచ్చాయి. ఎండిన బావుల్లో మట్టం పెరిగిందని సంతోషించే రైతు ఉన్నాడు, ఇంకా ఒక దశ శుద్ధి చేసి పంపాలని పట్టుబట్టే రైతూ ఉన్నాడు. ఇద్దరిదీ న్యాయమే. నీళ్లు పంపే నగరం పరీక్షల ఫలితాలను రోజూ వారి ముందు పెట్టి ఉంటే ఆ భయంలో సగం పుట్టేది కాదు. బాగుచేసి పంపాం, నమ్మండి అంటే చాలదు. ఎంత బాగుచేశారో అవతలివారు తమ కళ్లతో చూసుకునే వీలుండాలి.

అదే కోలారు బంగారు గనుల ఊరిలో పుట్టిన బెజవాడ విల్సన్ పేరు ఇక్కడ తలచుకోకుండా ఉండలేం. చేతితో మలం ఎత్తే పని పోవాలని జీవితమంతా పోరాడిన ఆయనకు 2016లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ పనిని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. 2014లో సుప్రీంకోర్టు మురుగు గుంతల్లో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలివ్వాలంది. 2023లో దాన్ని ముప్పయి లక్షలకు పెంచింది. పరిహారం పెరిగింది గానీ చావులు ఆగలేదు. 2017లో హైదరాబాద్ జలమండలి సందుల్లోకి వెళ్లగలిగే చిన్న జెట్టింగ్ యంత్రాలు 70 తెచ్చి, వాటిని నడిపే పని దళిత పారిశ్రామికులకు అప్పగించడం ఈ దారిలో మంచి అడుగు. కొత్త శుద్ధి కేంద్రం కట్టినంత మాత్రాన ఈ ప్రమాదం పోదు. లోతైన వెట్‌వెల్లులో, మూసి ఉన్న గదుల్లో విషవాయువు పేరుకుంటుంది. జల్లెడకు చిక్కుకున్న చెత్త తీయడానికి మనిషిని దించాల్సిన అవసరమే రాకుండా యంత్రాలు ఉండాలి. అవి చెడిపోయిన రోజున కూడా మనిషిని దించకూడదు. నిర్మాణ నాణ్యతను చూసే ఇంజనీర్లు కాంక్రీటు బలంతో పాటు ఇది కూడా చూడాలి. గ్యాసు పరీక్షించే పరికరం ఉందా, నిచ్చెన దగ్గర వెలుతురు ఉందా, రాత్రి షిఫ్టులో ఒక్కడే ఉంటాడా, ఇద్దరుంటారా.

ఆ రాత్రి షిఫ్టు మనిషి గురించే ఇంకా చెప్పాలి. ఇంత ఖర్చు పెట్టి కట్టిన కేంద్రం పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందనేది అతని మీద ఆధారపడుతుంది. బురద రంగు చూసి, వాసన పట్టి, బ్లోయరు మోతలో తేడా విని ఏదో సరిగా లేదని గుర్తించగలిగే మనిషి కావాలి. అలాంటి అనుభవం రావడానికి ఏళ్లు పడుతుంది. కాంట్రాక్టు మారినప్పుడల్లా మనుషులను మారిస్తే ఆ అనుభవం గేటు దాటి వెళ్లిపోతుంది. ఆస్పత్రిలో నర్సుకు, రైలులో లోకోపైలట్‌కు ఇచ్చే గౌరవంలో కొంతైనా ఈ ఆపరేటర్‌కు దక్కాలి. అతను చేసేది ప్రజారోగ్య సేవే. ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో ఈ పనికి ప్రత్యేక శిక్షణ పెట్టి, మంచి జీతం ఇచ్చి, నిలుపుకోవాలి. పొరుగు కాలనీ పిల్లలను బడివాళ్లు తీసుకొస్తే అతనే తొట్టెల చుట్టూ తిప్పి చూపించాలి. తాము వదిలిన నీరు నల్లగా వచ్చి తేటగా పోవడం కళ్లతో చూసిన పిల్లలు ఇంటికెళ్లి, సింకులో వాడిన నూనె పోయొద్దని, టాయిలెట్‌లో గుడ్డముక్కలు వేయొద్దని అమ్మానాన్నలకు చెబుతారు. కాలనీవాళ్లు కూడా అలా వచ్చి చూసిపోతూ ఉంటేనే ఆ బ్యానర్ల భయం తగ్గుతుంది. వాసన రాని కేంద్రాన్ని చూపించడం కన్నా మంచి జవాబు లేదు.

ఇళ్లవాళ్లు చేయగలిగింది కూడా ఉంది. వానాకాలంలో మేడ మీది నీళ్లను డ్రైనేజీ పైపులోకి వదిలే ఇళ్లు మన నగరాల్లో చాలా ఉన్నాయి. గట్టివాన పడితే ఆ నీళ్లన్నీ కలిసి కేంద్రం మోయగలిగినదానికి ఎన్నో రెట్లు వస్తాయి. పెంచుకున్న జీవులు కొట్టుకుపోతాయి. మ్యాన్‌హోళ్లు పొంగుతాయి. వాననీటిని ఇంకుడుగుంతకు మళ్లిస్తే రెండు మేళ్లు. ఇది పెద్ద ఖర్చున్న పనీ కాదు.

ఇక ప్రభుత్వానికీ, జలమండలికీ విన్నపం. ప్రతి కొత్త కేంద్రం గేటు దగ్గర ఒక బోర్డు పెట్టండి. ఆ రోజు ఎంత మురుగు వచ్చింది, ఎంత శుద్ధి అయింది, బయటికి పోయే నీటి బీఓడీ ఎంత, కరెంటు ఎన్ని గంటలు లేదు అన్నవి దాని మీద తెలుగులో, ఉర్దూలో రాయండి. అదే లెక్కను నగరం లోపల ఆపేయకండి. ప్రతాపసింగారం, ఎదులాబాద్, వలిగొండ, ఆ కిందికి వాడపల్లి దాకా నాలుగైదు చోట్ల నది నీళ్లను నెలనెలా పరీక్ష చేయించి, ఆ ఫలితాన్ని అక్కడి రైతుల చేతికివ్వండి. నమూనా తీసేటప్పుడు ఊరి నుంచి ఒకరిద్దరు పక్కన నిలబడే ఏర్పాటు చేయండి. వానలప్పుడు నది తనంతట తానే కొంత పలచబడుతుంది కాబట్టి ఆ నెలల ఫలితాలతో తొందరపడి సంతోషించవద్దు. ఏప్రిల్, మే నెలల్లో, నదిలో నగరం నీళ్లు తప్ప మరేవీ లేని రోజుల్లో తీసిన నమూనాను ప్రమాణంగా పెట్టుకోండి. 31 కేంద్రాల పనులు ఎంతవరకు వచ్చాయని ఈసారి నివేదిక రాసేటప్పుడు, ఏ తొట్టికి ఎంత కాంక్రీటు పోశారన్నదాని కంటే పైన ఆ వేసవి ఫలితం ఉండాలి. నివేదిక మొదటి ప్రతి వలిగొండ మండలానికి వెళ్లాలి.